తోటకు వేసిన రోడ్డు, అవ్వకు ఇచ్చే పింఛను ఒకటేనా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పంచాయతీ డబ్బుతో మీ ఊళ్ళో ఒక నాయకుడి తోట దాకా సిమెంటు రోడ్డు వేశారు. ఇదేమిటని అడిగితే, "పింఛను కూడా ఒక మనిషి చేతికే వెళ్తుంది, ఉచిత బస్సు కూడా ఒక మనిషే ఎక్కుతుంది, అవి తప్పు కానప్పుడు ఇది ఎలా తప్పు?" అని మిమ్మల్నే ఎదురు అడిగారు. ఈ వాదన నాకు బాగా పరిచయం. రాష్ట్ర ఆడిట్ శాఖలో ఇరవై ఆరేళ్ళు పంచాయతీల, మండల పరిషత్తుల లెక్కలు చూసి పదవీ విరమణ చేశాను. ఏదో ఒక రూపంలో ఈ మాట అనని ఊరు లేదు.

రెండూ ఒకటి కావు. ఎందుకు కావో నాకు చట్టం పుస్తకంలో కంటే ఒక బోరు దగ్గర బాగా అర్థమైంది. ముందు అది చెబుతాను.

2008 ప్రాంతంలో ఒక చిన్న పంచాయతీ లెక్కలు చూస్తున్నాను. నగదు పుస్తకంలో లక్ష రూపాయల పైచిలుకు ఖర్చు: కాలనీలో బోరు వేసి మోటారు బిగించినట్లు. తీర్మానం ఉంది, అంచనా ఉంది, జరిగిన పనిని కొలిచి రాసే ఎం-బుక్కులో కొలతలున్నాయి, అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) సంతకం ఉంది. కాగితం మీద వంక పెట్టడానికి ఏమీ లేదు. మామూలుగా మేము కాగితాలు చూసి వెళ్ళిపోతాం, పని జరిగిన చోటికి వెళ్ళడం చాలా తక్కువ. ఆ రోజు మధ్యాహ్నం కరెంటు పోయి పంచాయతీ ఆఫీసులో కూర్చోలేక, కార్యదర్శిని వెంటబెట్టుకుని ఆ కాలనీ వైపు నడిచాను.

బోరు ఉంది. అయితే అది సర్పంచి దగ్గరి బంధువు ఇంటి ప్రహరీ లోపల ఉంది. ఇనుప గేటు, దానికి తాళం. గేటు బయట నీడలో ఏడెనిమిది ఖాళీ బిందెలు వరసగా పెట్టి ఉన్నాయి. వాటి పక్కన ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. "ఎంతసేపటి నుంచి కూర్చున్నావమ్మా?" అని అడిగాను. "అమ్మగారు నిద్ర లేవాలి కదయ్యా, లేచాక మోటారు వేస్తారు" అంది. ఆమె గొంతులో ఫిర్యాదు లేదు. పైగా, "మంచివాళ్ళయ్యా, ఒక్కరోజు కూడా నీళ్ళు లేవనలేదు" అని కూడా చెప్పింది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. బోరు ఆమెది. ఆ డబ్బు ఆమె కాలనీ పేరుతో ఖర్చు రాసిన డబ్బు. తన సొంత నీళ్ళకు ఆమె ఇంకొకరి మంచితనాన్ని మెచ్చుకుంటోంది.

సాయంత్రం సర్పంచి వచ్చాడు. ఆయన చెప్పింది కొట్టిపారేయదగినది కాదు. "సార్, బయట బోరు వేయడానికి స్థలం ఎవరూ ఇవ్వలేదు. మా వాళ్ళు ఇచ్చారు. బయట వేస్తే మోటారు వారంలో మాయమవుతుంది. కరెంటు బిల్లు కూడా వాళ్ళే కడుతున్నారు. పది ఇళ్ళవాళ్ళు నీళ్ళు పట్టుకుంటున్నారా లేదా? ఇంకేమిటి తప్పు?" అన్నాడు. నిజానికి నీళ్ళు అందుతున్నాయి. ఆయన డబ్బు తినలేదు. బోరు లేకుండానే బిల్లు పెట్టిన పంచాయతీలను చూసిన నాకు, ఈయనను దోషిగా రాయడానికి కలం వెంటనే కదల్లేదు.

అయినా అభ్యంతరం రాశాను. ఆ తాళం చెవి ఎవరి దగ్గర ఉందో ఆ బోరు వాళ్ళదే అనుకున్నాను. రేపు ఆ ఇంటికీ ఆ పెద్దావిడ కొడుక్కీ మాట తేడా వస్తే గేటు తెరుచుకోదు. అప్పుడు ఆమె ఎక్కడికి వెళ్ళి ఏమని అడగాలి? వాళ్ళ స్థలం, వాళ్ళ గోడ, వాళ్ళ కరెంటు. అడిగే హక్కు ఆమెకు ఏ కాగితంలోనూ మిగల్లేదు.

ఇప్పుడు పింఛను సంగతి. అది ఒక అవ్వ చేతిలోనే పడుతుంది, నిజమే. కానీ ఫలానా వయసు, ఫలానా ఆదాయం ఉన్న ప్రతి ఒక్కరికీ అని ముందే రాసిపెట్టిన నియమం ప్రకారం పడుతుంది. అవ్వ పేరు చూసి నియమం రాయలేదు. అర్హత ఉండి రాకపోతే ఆమె ఎంపీడీఓ ఆఫీసుకు వెళ్ళి "నాకెందుకు రాలేదు?" అని గట్టిగా అడగవచ్చు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో, 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన మహిళల ఉచిత బస్సు ప్రయాణం కూడా అంతే. బస్సెక్కిన ఆమె ఏ పార్టీకి ఓటేసిందో కండక్టరు అడగడు. మీ ఊరి నాయకుడి తోటకు రోడ్డు వేయడానికి అలాంటి నియమం ఏదైనా ఉందా? ఉంటే, ఆ నియమం ప్రకారం పక్కనున్న చిన్న రైతు పొలానికి కూడా రోడ్డు రావాలి. మీ దగ్గర ఎవరైనా మళ్ళీ ఆ పోలిక తెస్తే ఈ ఒక్క ప్రశ్న వేయండి.

చట్టం కూడా ఇంచుమించు ఇదే దారిలో ఉంది. ప్రభుత్వ సంచిత నిధి, అంటే ఖజానా, నుంచి చట్టప్రకారం తప్ప, రాజ్యాంగం చెప్పిన ప్రయోజనాలకు తప్ప రూపాయి కూడా తీయరాదని 266వ అధికరణం అంటుంది. కేంద్రమైనా రాష్ట్రమైనా ప్రజా ప్రయోజనం కోసం గ్రాంటు ఇవ్వవచ్చని 282వ అధికరణం అంటుంది. ఈ 'ప్రజా ప్రయోజనం' అన్న మాట చుట్టూనే తగాదా అంతా. తమిళనాడులో ఒక ప్రభుత్వం కలర్ టీవీలు, తరువాతి ప్రభుత్వం మిక్సీలు, గ్రైండర్లు, ల్యాప్‌టాప్‌లు పంచినప్పుడు, ప్రజల డబ్బుతో ప్రైవేటు మనుషులకు వస్తువులు ఎలా ఇస్తారని ఒకాయన సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 2013 జులైలో కోర్టు ఆయన వాదన ఒప్పుకోలేదు. జనం మేలుకు ప్రభుత్వం ఏం చేయాలో రాజ్యాంగం చెప్పిన ఆదేశిక సూత్రాలను అమలుచేసే పథకాలు ప్రజా ప్రయోజనం కిందికే వస్తాయని చెప్పింది. టీవీ విషయంలో నా మనసు ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోదు. అయినా ఒక్కటి ఒప్పుకుంటాను: ఆ టీవీలు ఒక నియమం ప్రకారం పంచారు, శాసనసభ ఆమోదించిన బడ్జెట్ నుంచి పంచారు.

బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేసే మా మేనల్లుడు దీన్ని ఒప్పుకోడు. "మామయ్యా, నా జీతంలోంచి పన్ను కోసి ఎవరికో పంచుతున్నారు, అదే అసలు ప్రైవేటు ఖర్చు" అంటాడు. వాడి బాధ నాకు అర్థమవుతుంది. కానీ 'పన్ను కట్టేవాళ్ళు' అంటే ఆదాయపు పన్ను కట్టేవాళ్ళే అన్న లెక్క తప్పు. ఒంటికి రాసుకునే సబ్బు మీద 2025 సెప్టెంబరులో తగ్గించేదాకా 18 శాతం జీఎస్టీ ఉండేది, ఇప్పుడు 5 శాతం. గేటు దగ్గర కూర్చున్న ఆ పెద్దావిడ కూడా సబ్బు కొంటుంది, చెప్పులు కొంటుంది, కొడుకు బండిలో పోసే పెట్రోలుకు పన్ను కడుతుంది. ఆమె కూడా ఖజానాలో వాటాదారే. పింఛనును దానం అనుకునేవాళ్ళు ఇది మరచిపోతున్నారు.

ఖజానా మీద నిజంగా ప్రైవేటు చెయ్యి పడేది ఇంకొక చోట. పథకానికి నాయకుడి పేరు, బొమ్మ, పార్టీ రంగు తగిలించే చోట. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ భవనాలకు అధికార పార్టీ రంగులు వేస్తే గుంటూరు జిల్లాకు చెందిన ఒక గ్రామస్థుడు హైకోర్టుకు వెళ్ళాడు. 2020 మార్చిలో ఆ రంగులు తీసేయమని కోర్టు చెప్పింది. ప్రభుత్వం ఏప్రిల్‌లో ఇంకొక రంగు కలిపి 623వ నంబరు జీఓ తెచ్చింది. అదీ నిలవలేదు. జూన్‌లో సుప్రీంకోర్టు కూడా ప్రభుత్వ అప్పీలును తోసిపుచ్చింది. రంగు వేయడానికి జనం డబ్బు, తీయడానికీ జనం డబ్బే. ఆ తరువాత పట్టాదారు పాసుపుస్తకాల మీద, సర్వే రాళ్ళ మీద ముఖ్యమంత్రి బొమ్మ వచ్చింది. ప్రభుత్వం మారాక రాజముద్రతో కొత్త పుస్తకాలు వచ్చాయి. తాత సంపాదించిన పొలం కాగితం మీద ఒక నాయకుడి ముఖం ఎందుకుండాలి? ఒక్క పార్టీని అనడం లేదు. ప్రభుత్వం మారినప్పుడల్లా అదే పింఛనుకు కొత్త నాయకుడి పేరు పెట్టడం అందరూ చేసిందే. పేరు పెట్టిన క్షణం నుంచి అవ్వకు అందేది హక్కులా కాక ఆయన దయలా కనిపిస్తుంది. ప్రహరీ లోపలి బోరుకూ దీనికీ నాకు పెద్ద తేడా కనిపించదు.

ప్రకటనల మీద సుప్రీంకోర్టు ఒకసారి గట్టిగానే నిలబడింది. 2015 మేలో, ప్రభుత్వ ప్రకటనల్లో రాష్ట్రపతి, ప్రధాని, ప్రధాన న్యాయమూర్తి బొమ్మలు తప్ప పదవిలో ఉన్న ఇంకెవరివీ వేయరాదంది. మరుసటి ఏడాది మార్చిలో ముఖ్యమంత్రులకు, మంత్రులకు, గవర్నర్లకు మినహాయింపు ఇచ్చింది. ఆ సడలింపు ఇవ్వకుండా ఉండాల్సిందని నా గట్టి అభిప్రాయం.

ఇంకొకటి, మా ఇంట్లోనే గొడవ తెచ్చిన విషయం. 2017 ఫిబ్రవరిలో తెలంగాణ ముఖ్యమంత్రిగా కేసీఆర్ రాష్ట్రం తరఫున తిరుమల శ్రీవారికి 5 కోట్ల రూపాయలకు పైగా విలువైన బంగారు ఆభరణాలు సమర్పించారు. ప్రత్యేక రాష్ట్రం వస్తే ఇస్తానన్నది ఆయన మొక్కు. నా భార్య, "దేవుడికి ఇస్తే నీ ఆడిట్ ఏమిటి?" అని కోప్పడింది. నేను ఏటా కొండకు వెళ్ళేవాడినే. మొక్కుకున్నది ఎవరో తీర్చవలసింది వాళ్ళే అని చిన్నప్పుడు మా నాన్న నేర్పాడు. ఊరందరి హుండీ తెచ్చి నా మొక్కు తీర్చుకుంటే అది స్వామికి నేనిచ్చినట్లు ఎలా అవుతుంది? అది రాష్ట్రం మొక్కు అని నమ్మేవాళ్ళున్నారు. వాళ్ళ భక్తిని నేను తక్కువ చేయను, కానీ నా మనసు మాత్రం ఒప్పుకోదు.

ఇక మీ రోడ్డు. ఊరికే తగాదా పెట్టుకోకండి, ముందు కాగితాలు చేతికి తెచ్చుకోండి. సమాచార హక్కు చట్టం కింద గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. ఆ పనికి సంబంధించిన పంచాయతీ తీర్మానం నకలు, అంచనా, ఎం-బుక్కు పేజీలు, చెల్లింపు వోచరు అడగండి. పనిని స్వయంగా చూసి పరిశీలించే హక్కు కూడా ఆ చట్టమే ఇచ్చింది, దరఖాస్తులో ఆ మాట రాయండి. తీర్మానంలో రోడ్డు ఎక్కడి నుంచి ఎక్కడి వరకు అని రాశారో చూడండి. 'శ్మశానానికి దారి' అనో 'కాలనీకి దారి' అనో ఉంటే మీ పని సగం అయినట్లే. ఆ నకళ్ళు జత చేసి జిల్లా పంచాయతీ అధికారికి, జిల్లా ఆడిట్ అధికారికి రాయండి. నిధులు దుర్వినియోగమైతే బాధ్యుల నుంచి సర్‌ఛార్జి కింద రాబట్టే అధికారం 1989 నాటి రాష్ట్ర ఆడిట్ చట్టంలో ఉంది. ఆ పని ఉపాధి హామీ నిధులతో జరిగి ఉంటే ఇంకా మంచిది. సామాజిక తనిఖీ గ్రామసభలో లెక్క చదివేటప్పుడు లేచి అడగవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ తనిఖీని దేశానికి దారి చూపేలా నడిపింది. ఒక్కరే వెళ్ళకండి, నలుగురు కలిసి సంతకాలు పెట్టండి. డబ్బు తిరిగి వస్తుందని మాత్రం నేను మాట ఇవ్వలేను. నేను రాసిన అభ్యంతరాలలో రాబట్టిన వాటి కంటే దుమ్ము పట్టినవే ఎక్కువ.

బోరు విషయంలో కూడా డబ్బు రాలేదు. రెండేళ్ళు జవాబులు, మళ్ళీ నా ప్రశ్నలు నడిచాక, ప్రహరీ బయటకు గొట్టం లాగి రోడ్డు పక్కన రెండు కుళాయిలు పెడతామని, కరెంటు బిల్లు పంచాయతీయే కడుతుందని ఒప్పుకున్నారు. స్థలం ఇచ్చినవాళ్ళ చేత బోరు ఉన్న చోటును పంచాయతీకి రాయించాం. తరువాత ఇంకో ఊరి పని మీద వెళ్తూ ఆ దారిన ఆగాను. కుళాయి దగ్గర గట్టిగా కేకలు. ఆ పెద్దావిడే. వరస తప్పి బిందె పెట్టిందని ప్రహరీ ఇంటి పనిమనిషిని నిలదీస్తోంది, "నా వంతు, తీయి నీ బిందె" అని. నన్ను గుర్తుపట్టలేదు. ఆమె బిందె నిండేదాకా అక్కడే నిలబడి చూశాను.