అత్తమ్మతో బుద్ధవనం

ప్రశ్న: మాది నల్లగొండ. మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులున్నా రోజూ వాకింగ్ మానరు. ఈసారి పిల్లలతో పాటు ఆమెనూ నాగార్జునసాగర్ బుద్ధవనానికి తీసుకెళ్దామనుకుంటున్నాం. అంత పెద్ద పార్కులో ఆమె నడవగలరా? ఏం చూడాలి, ఏది వదిలేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా తీసుకెళ్లండమ్మా. కాకపోతే మొత్తం చూసే రావాలని పంతం పట్టకండి. అది 274 ఎకరాల వనం. మోకాళ్ల నొప్పులున్న మనిషిని అంతా తిప్పితే మర్నాడు మంచం దిగలేరు.

మాది హాలియా. ఇంటికి ఏ చుట్టం వచ్చినా నేను ముందు తీసుకెళ్లేది మహాస్తూపానికే. అమరావతి స్తూపం నమూనాలో 21 మీటర్ల ఎత్తున కట్టారు. గుళ్లో ప్రదక్షిణ చేసినట్టే, స్తూపం కుడి చేతి వైపు ఉండేలా తిరగాలి. మన కృష్ణా లోయ స్తూపాలకు నాలుగు దిక్కులా ఐదేసి ఆయక స్తంభాలు నిలపడం ఆచారం. బుద్ధుడు పుట్టడం, ఇల్లు విడవడం, జ్ఞానోదయం, మొదటి బోధ, మహాపరినిర్వాణం, ఈ ఐదింటికీ అవి గుర్తులు. పిల్లలకు ఈ సంగతి బస్సులోనే చెప్పండి.

తర్వాత జాతక వనం. బుద్ధుడి పూర్వజన్మల కథలే జాతక కథలు, వాటిలో 40 కథలను శిల్పాలుగా చెక్కి పెట్టారు. ఫొటో తీసుకుని ముందుకు ఉరకకండి, నాకు బాధ కలిగేది అక్కడే. పావురం కోసం తొడ కోసిచ్చిన శిబి చక్రవర్తి కథ మీ అత్తమ్మకు తెలిసే ఉంటుంది, అదీ జాతక కథే. ఆమెనే కూర్చోబెట్టి పిల్లలకు చెప్పమనండి. ఆమె కాళ్లకూ విశ్రాంతి, పిల్లలూ ఫోన్ అడగరు.

ఓపిక మిగిలితేనే ధ్యానవనం. 27 అడుగుల బుద్ధుడు, శ్రీలంకలోని అవుకన విగ్రహానికి నకలు.

మన ఎండల సంగతి మీకు తెలిసిందే, వేసవిలో రాళ్లు సెగలు కక్కుతాయి. దసరా దాటాక శివరాత్రి లోపు వెళ్లండి. డ్యాం గేట్లు ఎత్తిన ఆదివారం మాత్రం పెద్దవాళ్లతో వద్దే వద్దు, ట్రాఫిక్‌లోనే పొద్దు గడిచిపోతుంది.

లాంచీలో నాగార్జునకొండ కూడా అదే రోజు కలపకండి. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఉన్న లోయ సాగర్ డ్యాం నీళ్లలో మునిగినప్పుడు, తవ్వకాల్లో బయటపడ్డవాటిని తెచ్చి దాచుకున్న మ్యూజియం ఉన్న దీవి అది. దానికి వేరే రోజు పెట్టుకోండి, శుక్రవారం తప్ప. ఆ రోజు మ్యూజియానికి సెలవు.