చీనీ తోటలో టైమర్ పెట్టిన పిల్లవాణ్ని ఏం చదివించాలి?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా నార్పల దగ్గర పల్లె. నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట, రెండు బోర్లు. మావాడు పాలిటెక్నిక్‌లో ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) రెండో ఏడాది. కరెంటు వచ్చిన వెంటనే కాకుండా మూడు నిమిషాలు ఆగి మోటరు ఆడేలా స్టార్టర్ డబ్బాలో 555 ఐసీ అనే టైమర్ చిప్‌తో సర్క్యూట్ పెట్టినాడు. బాగానే పనిచేస్తోంది గానీ, ఎండాకాలం మధ్యాహ్నం ఐదారు నిమిషాలైనా మోటరు ఎత్తుకోదు. మా బామ్మర్దేమో "ఇవి మెకానిక్ పనులు, కంప్యూటర్స్‌కు మార్పించు బావా" అంటాడు. ఇంకొకాయన ముప్పై వేలిస్తే పేటెంట్ తీయిస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ ముప్పై వేలు మీ దగ్గరే ఉంచుకోండి. తెలిసిన పరికరాలను కలిపి, దేని పని అది చేసేలా అమర్చితే అది ఇన్వెన్షన్ కాదని మన పేటెంట్ చట్టంలోని సెక్షన్ 3(ఎఫ్) చెబుతుంది. టైమర్, రిలే (చిన్న కరెంటుతో ఆడే స్విచ్చి), కాంటాక్టర్ (మోటరుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్చి) మూడూ పాతవే. ఆలస్యంగా ఆన్ అయ్యే ఆటో స్టార్టర్లు అంగళ్లలో ఎప్పటినుంచో దొరుకుతున్నాయి. రేపు మీవాడు నిజంగా కొత్తది చేస్తే, మామూలు వ్యక్తికి ఆన్‌లైన్‌లో ప్రొవిజనల్ (తాత్కాలిక) అప్లికేషన్ ఫీజు 1,600 రూపాయలే. ఏజెంటును పెట్టుకుంటే ఆయన ఖర్చు వేరే. ఆ తర్వాత పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలల గడువుంటుంది. అప్లికేషన్ వేయకముందే నలుగురికీ చూపించకూడదు, అంతే.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది ఆ మధ్యాహ్నం మొరాయింపే. 555ను హాన్స్ కామెంజిండ్ 1971లో డిజైన్ చేశాడు, మరుసటి ఏడాది అది మార్కెట్లోకి వచ్చింది. రెసిస్టర్ గుండా మెల్లగా వచ్చే కరెంటుతో కెపాసిటర్ ఒక మట్టం దాకా నిండితే టైమర్ పూర్తయినట్టు. దాని లెక్క తేలిక: రెసిస్టర్‌ను కెపాసిటర్‌తో గుణించి, దాన్ని 1.1తో గుణిస్తే సెకన్లు వస్తాయి. మూడు నిమిషాలంటే సుమారు 350 కిలో ఓమ్స్, 470 మైక్రోఫారడ్లు పెట్టి ఉంటాడు. 12 వోల్టుల మీదైతే చివరికొచ్చేసరికి ఆ కెపాసిటర్‌కు అందేది దాదాపు 11 మైక్రోఆంపియర్లే. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఎంతో కొంత లీకవుతుంది, వేడికి ఇంకా ఎక్కువ లీకవుతుంది. ఎండలో కాలిన ఇనుప డబ్బాలో పైనుంచి వచ్చేదీ కిందకి కారేదీ సమానమైపోతే టైమర్ ఎప్పటికీ పూర్తికాదు. చిల్లి కుండలో నీళ్లు పోస్తున్నట్టే! కెపాసిటర్ మార్చినా, లెక్కపెట్టే కౌంటర్ ఐసీ లేదా చిన్న మైక్రోకంట్రోలర్ (కోడు రాసి నడిపే చిప్) పెట్టినా ఇది పోతుంది. కానీ జబ్బు ఎక్కడుందో మీరు చెప్పకుండా, వాడినే మల్టీమీటర్‌తో కనిపెట్టమనండి. వారం పట్టినా సరే.

రెండో ప్రశ్న కూడా వేయండి: "పక్క తోటాయన కూడా ఇదే మూడు నిమిషాల టైమర్ పెట్టుకుంటే ఏమవుతుంది?" అయిదు హెచ్‌పీ త్రీఫేజ్ మోటరు ఆడేటప్పుడు సుమారు ఏడు ఆంపియర్లు తీసుకుంటుంది. నేరుగా స్టార్ట్ చేస్తే ఆ క్షణాన దానికి ఆరింతలు, అంటే నలభై దాటుతుంది. కరెంటు రాగానే ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద మోటర్లన్నీ ఒక్కసారి ఎత్తుకుంటే ఫ్యూజులు ఎగురుతాయి. ఆటో స్టార్టర్లంటే లైన్‌మన్‌కు కోపం అందుకే. అందరూ మూడు నిమిషాలే పెట్టుకుంటే ఆ గొడవ మూడు నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, అంతే. ఒక్కో స్టార్టర్‌కు ఒక్కో టైము ఉండాలని మీవాడు తనంతట తాను చెబితే, వాణ్ని ఈ బ్రాంచి నుంచి కదిలించకండి.

మోటరును చూసి ప్రశ్న వేసుకోవడం నుంచే ఈ రంగంలో పనులు పుట్టాయి. అమెరికాలో నాసాలో పనిచేసిన ఫ్రాంక్ నోలా, లోడు తక్కువున్నప్పుడు కూడా మోటరుకు పూర్తి వోల్టేజి ఎందుకివ్వాలి అనుకుని దాన్ని తగ్గించే కంట్రోలర్ తయారుచేశాడు, 1977లో పేటెంట్ వచ్చింది. (మీ బోరు మోటరుకు అది పెద్దగా ఉపయోగపడదు, లోడు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది కదా. కరెంటు ఆదా డబ్బా అంటూ ఎవరైనా వస్తే ఈ మాట గుర్తుంచుకోండి.)

బామ్మర్దిగారి మాటలో సగం నిజముంది. కోడింగ్ రాకుండా ఈఈఈ చదివితే ఇప్పుడు కష్టమే. దానికి బ్రాంచి మార్చక్కర్లేదు, సి లాంగ్వేజీ, మైక్రోకంట్రోలర్ ఈ ఏడాదే మొదలుపెడితే చాలు. సోలార్ పంపుల డ్రైవ్‌లు, ఎలక్ట్రిక్ స్కూటర్ల కంట్రోలర్లు, తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ ఫ్యాన్లు, అన్నిట్లోనూ మోటరు, కోడు రెండూ తెలిసినవాళ్లే కావాలి. పెనుకొండ దగ్గరి కార్ల ఫ్యాక్టరీ అయినా, బెంగళూరు పీణ్యా పారిశ్రామికవాడలోని చిన్న యూనిట్లయినా మనకు దూరం కాదు. రైల్వే జూనియర్ ఇంజనీరు పరీక్షకు డిప్లొమా సరిపోతుంది, గుంతకల్లు లోకో షెడ్డు మన జిల్లాలోనే ఉంది.

బీటెక్ కావాలంటే డిప్లొమా పిల్లలకు పెట్టే ప్రవేశ పరీక్ష ఈసెట్ రాయించి నేరుగా రెండో ఏడాదిలో చేర్పించండి. 200 మార్కుల్లో 100 సొంత బ్రాంచివి, 50 లెక్కలవి. మన పాలిటెక్నిక్ పిల్లలు చాలామంది దెబ్బతినేది లెక్కల్లోనే, ఆ యాభై మీద ఇప్పటినుంచే కూర్చోమనండి.

ఇంకొకటి, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. కొత్త సర్క్యూట్‌ను నేరుగా మోటరుకు పెట్టనివ్వొద్దు. మోటరు వైర్లు విప్పి, కాంటాక్టర్‌కు బల్బులు కట్టి నాలుగు రోజులు చూడమనండి. డబ్బాలో చెయ్యి పెట్టేముందు మెయిన్ తీసి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకోవాలి. అది 415 వోల్టులు.