ఏది కొట్టివేయాలని అడిగిన అమ్మాయికి

ప్రియమైన అమ్మాయికి,

ఆశీస్సులు. నీ ఉత్తరమూ, దానితో పాటు పంపిన కథా నాకు అంది పది రోజులైంది. పత్రికవారు కథ బాగుందన్నారనీ, అయితే నిడివి ఎక్కువైంది కనుక కథను ముందుకు నడిపించని భాగాలు తీసివేసి పంపమన్నారనీ, ఏవి తీసివేయాలో నన్ను చెప్పమనీ రాశావు. మూడు చోట్ల పెన్సిలుతో గీతలు గీసి, వీటిలో ఏది పోయినా కథకు లోటు రాదనుకుంటున్నానని అంచున రాశావు. ఆ అంచున రాసిన మాట దగ్గరే నేను ఆగిపోయాను. లోటు రాదని ఎలా తెలుస్తుందో నాకు అప్పటికి స్పష్టంగా తోచలేదు. మొన్న శనివారం ఒక నాటకం చూసి వచ్చాక కొంత తోచింది కనుక ఇప్పుడు రాస్తున్నాను.

చూసినది గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కం’. నువ్వు చదివే ఉంటావు. నేను ఇన్నేళ్లలో దాన్ని రంగస్థలం మీద చాలాసార్లు చూశాను కాని, చూసినవన్నీ రెండున్నర గంటలకో మూడు గంటలకో కుదించినవే. 1909లో అచ్చయిన రెండవ కూర్పు ఏడంకాల నాటకం. దాన్ని ఉన్నదున్నట్టు ఆడాలంటే అంతమంది నటులు దొరకాలి, అందరికీ నెలల తరబడి సాయంత్రాలు ఖాళీగా ఉండాలి, చూసేవారికీ అంత ఓపిక ఉండాలి. అందుకే తెలుగువారు ఇంతగా పొగుడుకునే ఈ నాటకాన్ని రంగస్థలం మీద పూర్తిగా చూసినవారు బహు తక్కువ. పగలు ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు నాటకాలు వేసుకునే ఒక బృందం ఈ సాహసానికి పూనుకుంది. మధ్యాహ్నం మూడింటికి తెర లేచింది. భోజనాలకు విరామం ఇచ్చి మళ్లీ మొదలుపెట్టి, అర్ధరాత్రి దాటాక ముగించారు. విరామం తరువాత కుర్చీలు సగం ఖాళీ అయ్యాయి. మిగిలినవాళ్లం ముందు వరుసల్లోకి జరిగి కూర్చున్నాం.

మొదటి రంగం నీకు గుర్తుండే ఉంటుంది. విజయనగరంలో బొంకులదిబ్బ, సాయంకాలం, మాటకారి గిరీశం ఒంటరిగా నిలబడి తన చిక్కులు తనకే చెప్పుకుంటూ ఉంటాడు. డబ్బు పుచ్చుకుని భోజనం పెట్టే పూటకూళ్లమ్మకు సంతలో సామాను కొనిపెడతానని ఇరవై రూపాయలు పట్టుకెళ్లి వేరే చోట ఖర్చుపెట్టిన సంగతి మొదటి నిమిషంలోనే బయటపడుతుంది. తరువాతి రంగంలో ఆవిడ చీపురు పట్టుకుని వేశ్య మధురవాణి ఇంటికి వస్తుంది. మంచం కింద అప్పటికే రామప్పంతులు ఉంటాడు, గిరీశమూ అక్కడికే దూరతాడు, గిరీశానికి పడవలసిన దెబ్బ పంతులుకు పడుతుంది. ఎప్పుడు చూసినా హాలు గొల్లుమనే చోటు ఇది. నేను చూసిన కుదింపుల్లో ఆ నవ్వు రాగానే దీపాలు ఆర్పి తరువాతి రంగంలోకి వెళ్లిపోయేవారు. ఆ రోజు అలా చేయలేదు. పూటకూళ్లమ్మ వేషం వేసిన నటి యాభై దాటిన మనిషి. దెబ్బ కొట్టాక ఆమె చీపురును నేలకు తట్టి, విడిపోయిన పుల్లలను లోపలికి తోసి, కట్టు బిగించుకుంది. నాటకంలో రాసి ఉన్న పని కాదది, ఆ నటి కల్పించుకున్నది. నవ్వుతూ ఉన్నవాళ్లం నెమ్మదిగా ఆగిపోయాం. మర్నాడు పొద్దున్నే ఆ చీపురుతోనే ఆ మనిషి వాకిలి ఊడ్చుకోవాలి, ఆ ఇరవై రూపాయలు లేకుండానే పదిమందికి వండి వడ్డించాలి. ఆవిడకు నాటకంలో పేరు కూడా లేదు, చేసే పనే పేరు. ఆవిడ వచ్చేది కాసేపే అయినా, తరువాత గిరీశం ఎంత గొప్పగా మాట్లాడినా, ఆ చీపురు కట్టు నా కళ్ల ముందు నుంచి కదలలేదు.

ఇలాంటిదే మీనాక్షి విషయంలోనూ జరిగింది. నాటకంలో ఇద్దరు పడుచు వితంతువులున్నారు. అగ్నిహోత్రావధాన్ల కూతురు బుచ్చమ్మ కోసం గిరీశం వితంతు వివాహాల మీద ఉపన్యాసాలు ఇస్తాడు. లుబ్ధావధాన్ల కూతురు మీనాక్షి కోసం ఎవరూ ఏ ఉపన్యాసమూ ఇవ్వరు. రామప్పంతులు ఆశ చూపి వాడుకుంటాడు, అంతే. నాటకాన్ని కుదించేవారి కత్తి మొదట పడేది ఈమె మీదే, ఎందుకంటే ఈమె లేకపోయినా కంటె సంగతి, మగపిల్లవాడికి ఆడవేషం వేసి చేసే మాయపెళ్లి సంగతి, కోర్టు సంగతి అన్నీ సజావుగా నడిచిపోతాయి. నిజమే, కథ నడిచిపోతుంది. కాని మీనాక్షి లేని కన్యాశుల్కంలో గిరీశం ఒక సరదా మనిషిగా మిగిలిపోతాడు. ఆమె అక్కడ నిలబడి ఉంటే, సంస్కరణ గురించి అతను మాట్లాడే ప్రతి మాటా ఆమెను దాటుకుని మన దగ్గరకు రావాలి. ఆ తేడా పుస్తకం చదివినప్పుడు నాకు తెలియలేదు. ఒక నటి పలకవలసిన మాటలు లేని చోట కూడా చెంగు కొసను వేలికి చుట్టుకుంటూ అలా నిలబడి ఉండడం చూశాకనే తెలిసింది.

నువ్వు పెన్సిలుతో గీసిన మొదటి చోటు ఇటువంటిదే కనుక ఇంత వివరంగా రాశాను. పెళ్లిచూపుల రోజున పక్కింటావిడ తన వెండి కంచం అరువిచ్చి, అది ఎప్పుడు తిరిగి వస్తుందా అని తన గుమ్మంలో నిలబడి ఉండే ఘట్టం. నీ కథ మొత్తంలో నేను రెండోసారి చదువుకున్న పేజీ అదొక్కటే. ఆవిడ కంచం అడగడానికి మొహమాటపడుతుంది, అడగకుండా లోపలికి వెళ్లిపోవడానికి భయపడుతుంది, మధ్యలో వీధిన పోయేవారెవరో పలకరిస్తే ఏదో పనిమీద నిలబడినట్టు ముగ్గు వైపు చూస్తుంది. ఆవిడ వల్ల పెళ్లి కుదరదు, తప్పిపోదు. కాని పిల్ల ఇంటివాళ్ల లేమిని నువ్వు ఎక్కడా మాటల్లో చెప్పకుండానే, గుమ్మంలో నిలబడిన ఆ మనిషిని చూసి నాకు తెలిసిపోయింది. దాన్ని ముట్టుకోకు.

రెండవ చోటు గురించి నా అభిప్రాయం వేరు. అన్నగారు వరకట్నానికి వ్యతిరేకంగా మాట్లాడే రెండు పేజీలు. అందులో నువ్వు ఎక్కడెక్కడి లెక్కలో సేకరించి పెట్టావు. నీ ఆవేదన నిజమైనదని నాకు తెలుసు, ఆ లెక్కలూ నిజమైనవే కావచ్చు. గురజాడ దగ్గర ఇంతకంటే భయంకరమైన లెక్క ఉండేది. విజయనగరం మహారాజు ఆనాటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో ఆడపిల్లకు శుల్కం, అంటే డబ్బు, పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా తయారు చేయిస్తే, దొరికినంతవరకే 1034 తేలాయి. కడుపులో ఉన్న బిడ్డకు కూడా బేరం కుదిరిన సందర్భాలున్నాయి. 1897లో అచ్చయిన మొదటి కూర్పుకు రాసిన పీఠికలో ఆయన ఆ అంకె చెప్పారు. శనివారం నేను గంటల తరబడి చెవి ఒగ్గి విన్నాను, రంగస్థలం మీద ఆ అంకె ఏ పాత్ర నోటా రాలేదు. దానికి బదులు వెంకమ్మ నూతిలో దూకింది. కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకు ఇస్తానని అగ్నిహోత్రావధాన్లు మొండికేస్తే, అప్పటిదాకా కొడుకు చదువు గురించీ ఖర్చుల గురించీ మాట్లాడుతున్న ఆ తల్లి చేయగలిగింది అదొక్కటే అయింది. రంగం మీద నుయ్యి లేదు, వెనుకనుంచి కేకలు మాత్రం వినిపించాయి. అంకె ఆయనకు తెలుసు కనుకనే ఆ కేకకు అంత బలం వచ్చిందని నేను నమ్ముతాను. తెలుసుకోవడం రచయిత పని, తెలిసినదంతా పాత్ర చేత చెప్పించాలని లేదు. అన్నగారి ఉపన్యాసం తీసివెయ్యి. అంతగా బాధపడే మనిషి ఆ రోజు ఇంట్లో ఏం చేస్తాడో, వచ్చినవాళ్లకు కుర్చీలు వేస్తాడా, వేయకుండా పెరట్లో కూర్చుంటాడా, అది రాయి.

నిడివి ఎంత ఉన్నా ఫరవాలేదని నేను చెబుతున్నట్టు అనుకోకు. ఆ రాత్రి నాకూ విసుగు పుట్టిన చోట్లున్నాయి. చివరి అంకాల్లో విశాఖపట్నంలో వకీళ్లు చేరి వ్యాజ్యం గురించి మాట్లాడుకునే భాగాలు నాకు బరువుగా అనిపించాయి. నటులు బాగానే చేశారు, వినేవాళ్లం అలసిపోయి ఉన్న మాటా నిజమే. కాని సారా దుకాణంలో బైరాగీ హవల్దారూ చేరి మాట్లాడుకునే రంగానికీ వ్యాజ్యంతో అంత సంబంధం లేదు, అయినా అక్కడ నేను వాచీ చూసుకోలేదు. ఇంటికి వస్తూ దారి పొడుగునా దీని గురించే ఆలోచించాను. దుకాణంలో ప్రతి ఒక్కడూ తన గొప్ప తాను చెప్పుకోవడానికి మాట్లాడుతున్నాడు, ఎదుటివాడి మాట పడనివ్వడం లేదు. వకీళ్ల దగ్గరకు వచ్చేసరికి కొన్ని చోట్ల వ్యవహారం ఎంతవరకు వచ్చిందో మనకు చెప్పడం కోసం మాట్లాడుతున్నారు. గురజాడ అంతటివారి నాటకంలో తప్పు పట్టడం నాకు సంతోషం కలిగించే పని కాదు, కాని నీ ప్రశ్నకు జవాబు నాకు దొరికింది అక్కడే. మనిషి తన అవసరం కొద్దీ మాట్లాడుతున్న చోటు ఉండనివ్వు. రచయిత అవసరం కొద్దీ మాట్లాడుతున్న చోటు చూసుకో.

ఇది కంటితో చదివితే సులభంగా పట్టుబడదు, చెవితో వింటే పట్టుబడుతుంది. 1897లోనే వేదం వేంకటరాయ శాస్త్రిగారి ‘ప్రతాపరుద్రీయం’ కూడా వెలువడింది. ఆయన మహాపండితుడు, గ్రంథ రచనలో గ్రామ్యానికి, అంటే వాడుక మాటలకు, చోటివ్వనివాడు. అటువంటివాడే నాటకంలో చాకలి పేరిగాడి వంటి పాత్రలకు వారు మాట్లాడే భాషే పెట్టాలని పట్టుబట్టి, విమర్శలకు ఓర్చుకుని నిలబడ్డారు. గురజాడ ఇంకా ముందుకు వెళ్లి అవధాన్లకూ, మధురవాణికీ, నౌకరు అసిరిగాడికీ అందరికీ వాడుక భాషే ఇచ్చారు. అయినా ఒకరి మాట మరొకరి నోట పెడితే అతకదు. శనివారం నేను కాసేపు కళ్లు మూసుకుని కూర్చున్నాను. ఎవరు మాట్లాడుతున్నారో గొంతును బట్టి కాదు, మాటను బట్టి తెలుస్తూనే ఉంది. నీ కథలో తండ్రీ, అన్నా, పెళ్లికొడుకు మేనమామా ముగ్గురూ ఒకే మనిషిలా మాట్లాడుతున్నారమ్మా. కథను బయటికి చదివి ఎవరికైనా వినిపించు, పేర్లు చెప్పకుండా చదువు. వినేవారు తికమకపడిన చోట ఆగు.

మూడవ చోటు, అమ్మాయి అద్దం ముందు కూర్చునే పేరా, తీసివేసినా నాకు అభ్యంతరం లేదు. అది చాలా కథల్లో ఉంది.

ఇంకొక్క సంగతి. పత్రికవారు ఈ నెలాఖరులోగా పంపమన్నారని కంగారుపడుతున్నావు. కన్యాశుల్కం మొదటిసారి విజయనగరంలో ఆడింది 1892లో. అప్పటికే జనం మెచ్చుకున్నారు. అచ్చయింది అయిదేళ్ల తరువాత. ఆ అచ్చయినదాన్ని కూడా వదిలిపెట్టకుండా పట్టుకుని, మరో పన్నెండేళ్లకు ఇంచుమించు కొత్త నాటకంగా తీసుకువచ్చారు. మొదటి కూర్పులో మధురవాణి ఇంత మనిషి కాదు. అయిదంకాలు ఏడయ్యాయి. ఆ పన్నెండేళ్లలో ఆయన చేసింది కత్తిరింపు కాదు, అప్పటికే ఉన్న మనుషుల దగ్గరకు మళ్లీ వెళ్లి వాళ్లను ఇంకా వినడం. నెలాఖరుకు అందకపోతే ఆ పత్రిక కాకపోతే మరొకటి ఉంటుంది. సంపాదకులకు వినయంగా ఒక ఉత్తరం రాసి గడువు అడుగు, చాలామంది ఇస్తారు.

ఈ బృందంవారు వచ్చే వేసవిలో మళ్లీ ఆడతామంటున్నారు. తేదీ తెలియగానే నీకు రాస్తాను, తప్పకుండా రా. విరామం తరువాత వెళ్లిపోకుండా కూర్చుంటేనే మీనాక్షి కనిపిస్తుంది.

కథను ఈసారి తిరగరాసి పంపేటప్పుడు ఒకటి చూసుకో. ఆ వెండి కంచం ఆవిడ చేతికి తిరిగి వచ్చిందా? నువ్వు పంపిన రాతప్రతిలో వెతికాను, నాకు ఎక్కడా కనిపించలేదు. నీ కథ ముగిసే సమయానికి ఆవిడ ఇంకా గుమ్మంలోనే ఉంది.

ఆశీస్సులతో,
నీ పెదనాన్నలాంటివాడు