పేరు మారిస్తే వీడియో మారదు

ప్రశ్న: గండికోటలో కొత్త ఫోన్‌తో 4కేలో తీసిన వీడియోను పెన్‌డ్రైవ్‌లో వేసి మా పాత టీవీకి పెడితే శబ్దం వస్తోంది గానీ బొమ్మ రావడం లేదు. ఫైలు పేరు చివర ఎంఓవీ తీసేసి ఎంపీ4 అని రాసినా ఫలితం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, జమ్మలమడుగు, కడప జిల్లా

జవాబు: మీరు మార్చింది పెట్టె మీది చీటీని మాత్రమే. ఎంఓవీ, ఎంపీ4, ఎంకేవీ అనేవి బొమ్మనూ శబ్దాన్నీ ఒకచోట ఉంచే ఏర్పాట్లు. లోపలి బొమ్మను ఏ పద్ధతిలో కుదించారో చెప్పేది కోడెక్. అనేక కొత్త ఫోన్లు 4కే వీడియోను 2013లో ప్రమాణంగా వచ్చిన హెచ్.265లో భద్రపరుస్తాయి. పాత టీవీలు చాలావరకు 2003 నాటి హెచ్.264 వరకే చదవగలవు. కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌తో ఆ ఫైలు తెరిచి ‘కోడెక్ ఇన్ఫర్మేషన్’ చూస్తే సంగతి తేలిపోతుంది.

కుదించకుండా ఉంచడం కుదిరే పని కాదు. ఫుల్ హెచ్‌డీ ఫ్రేము (వీడియోలోని ఒక్కో నిశ్చల చిత్రం) ఒక్కదానిలోనే 20 లక్షలకు పైగా పిక్సెళ్లు (బొమ్మలోని చుక్కలు) ఉంటాయి కనుక, పిక్సెల్‌కు 3 బైట్లు, సెకనుకు 25 ఫ్రేముల లెక్కన గంట వీడియోకు దాదాపు 560 జీబీ కావాలి. అందుకే కోడెక్ ఒక ఫ్రేమును పూర్తిగా రాసుకొని, ఆ తరువాతి వాటిలో మారిన భాగాన్నే నమోదు చేస్తుంది. కెమెరా కదలకుండా తీస్తే కోటగోడకు అయ్యే ఖర్చు దాదాపు శూన్యం. గాలికి క్షణక్షణం రూపు మార్చుకొనే పెన్నా నీటికి మాత్రం డేటా ఎంతో అవసరమవుతుంది, అది చాలనప్పుడు మొదట గళ్లుగళ్లుగా చెదిరేది ఆ నీరే.

కాబట్టి ఉచితంగా దొరికే హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో హెచ్.264, 1080పీ (ఫుల్ హెచ్‌డీ) ఎంచుకొని, సగటు బిట్‌రేటుకు (సెకనుకు సగటున ఇంత డేటా అనే లెక్కకు) బదులు స్థిర నాణ్యతను 20–22 దగ్గర పెట్టండి. ఈ అంకె తగ్గేకొద్దీ నాణ్యతా, ఫైలు పరిమాణమూ పెరుగుతాయి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీకి మించిన ఫైలు అందులో పట్టదు. ఇలా మార్చిన ప్రతిసారీ కొంత వివరం శాశ్వతంగా పోతుంది గనుక అసలు ఫైలును దయచేసి చెరిపివేయవద్దు.

ప్రశ్న: మా పెళ్లి డీవీడీని 4కేగా మార్చి ఇస్తామని ఒక స్టూడియో వారు అంటున్నారు. మంచిదేనా?
– ఒక పాఠకురాలు, ఆదోని, కర్నూలు జిల్లా

జవాబు: అవసరం లేదు. మన దేశపు డీవీడీలలో బొమ్మ సాధారణంగా 720×576 పిక్సెళ్లే, అదీ ఎంపెగ్-2 అనే పాత కోడెక్‌లో కుదించినదే. పిక్సెళ్లు పెంచినంత మాత్రాన నాడు కెమెరాకు అందని వివరం నేడు పుట్టదు. కృత్రిమ మేధతో పెంచితే అది ఊహించి గీస్తుంది, పెద్దల ముఖాలు వారివి కాకుండా పోయే ప్రమాదం ఉంది. మేక్ఎంకేవీ అనే సాఫ్ట్‌వేర్ బొమ్మను మళ్లీ కుదించకుండా ఉన్నదున్నట్టుగా ఎంకేవీలోకి మారుస్తుంది. డిస్కు చదవగలిగే స్థితిలో ఉండగానే ఆ పని చేసి, రెండు వేర్వేరు హార్డ్ డిస్కులలో దాచుకోండి.