కొటేషన్ గుర్తులతో కుస్తీ ఉద్యోగానికి పనికొస్తుందా?

ప్రశ్న: మాది బొబ్బిలి. విజయనగరంలో సీఎస్‌ఈ మూడో ఏడాది చదువుతున్నాను. సీ భాషలో ‘బొబ్బిలి వీణ’ అనే ప్రాజెక్టు చేస్తున్నాను. ఆ పేరును బిల్డ్ స్క్రిప్టులో (ప్రోగ్రామ్‌ను తయారుచేసే ఆదేశాల ఫైల్లో) కంపైలర్ ఫ్లాగ్‌గా, అంటే కంపైలర్‌కు ఇచ్చే ఆప్షన్‌గా ఇస్తే మధ్యలో స్పేస్ వల్ల అన్నీ ఎర్రర్లే. ఫ్రెండ్స్ అందరూ వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకుంటున్నారు. నేను టైమ్ వృథా చేస్తున్నానా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: వృథా కాదమ్మా. ముందు మీ ఎర్రర్ సంగతి చూద్దాం.

పేరును మైనస్ డీ ఫ్లాగ్‌తో మాక్రోగా, అంటే కోడ్‌లో ఒక పదం బదులు వచ్చి కూర్చునే విలువగా పంపుతున్నారు కదా. చుట్టూ డబుల్ కోట్స్ పెడితే షెల్ (మన ఆదేశాలను చదివి నడిపే ప్రోగ్రామ్) వాటిని తనకోసమే అనుకుని తీసేస్తుంది. పేరు ఒకే ఆర్గ్యుమెంట్‌గా కంపైలర్‌కు చేరుతుంది గానీ కోట్స్ ఉండవు. అప్పుడది సీకి స్ట్రింగ్ కాదు, డిక్లేర్ చేయని పేర్లు. బయట సింగిల్ కోట్స్, లోపల డబుల్ కోట్స్ పెట్టండి, లోపలివి మిగులుతాయి.

అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. అదే ఫ్లాగ్‌ను షెల్ స్క్రిప్టులో సీఫ్లాగ్స్ వేరియబుల్‌లో పెట్టి కోట్ చేయకుండా వాడితే, షెల్ దాన్ని స్పేస్ దగ్గర విరగ్గొడుతుంది. వేరియబుల్ లోపలి కోట్స్ దానికి మామూలు అక్షరాలే. మేక్ అనే బిల్డ్ టూల్ చదివే మేక్‌ఫైల్‌లో అలా కాదు. మేక్ ముందు వేరియబుల్ విలువను లైన్‌లో నింపి, ఆ లైన్ మొత్తాన్ని షెల్‌కు ఇస్తుంది కాబట్టి అక్కడ కోట్స్ పనిచేస్తాయి. ఒకే ఫ్లాగ్ ఒకచోట నడిచి ఇంకోచోట ఆగిపోయేది ఇందుకే. ఇది అర్థం చేసుకోకుండా బ్యాక్‌స్లాష్‌లు పెంచుకుంటూ పోయేవాళ్లే ఎక్కువ. మీరు ఆ దారి పట్టకండి.

బాష్ అనే షెల్‌లో స్క్రిప్టు మొదట్లో ‘సెట్ మైనస్ ఎక్స్’ పెడితే ఏ ఆర్గ్యుమెంట్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కనిపిస్తుంది. అందులోనే ఫ్లాగ్‌లను అర్రేలో దాచుకోండి. నన్నడిగితే ఇలాంటి పేర్లను ఫ్లాగ్‌లో పంపకుండా, బిల్డ్ సమయంలో తయారయ్యే కాన్ఫిగ్ హెడర్ ఫైల్లో రాయించడమే మేలు. ఫోల్డర్ పేర్లలో మాత్రం స్పేస్ వద్దు. ఫైళ్ల జాబితాను మేక్ స్పేస్‌లతోనే విడదీస్తుంది.

ఇక ఉద్యోగం. ఎంబెడెడ్ (పరికరాల్లో నడిచే సాఫ్ట్‌వేర్), టూల్‌చెయిన్ (కంపైలర్ వంటి టూల్స్), బిల్డ్ అండ్ రిలీజ్, డెవాప్స్ (సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేసి నడిపించే) పనుల్లో ఇది రోజూ ఎదురవుతుంది. వెబ్ వైపు వెళ్లినా, యాప్‌ను ప్యాక్ చేసే డాకర్‌ఫైల్లో, కోడ్ మారినప్పుడల్లా దానంతటదే పరీక్షించే సీఐ స్క్రిప్టుల్లో ఇవే షెల్ నియమాలు. మూడో ఏడాదిలో ఉన్నారు కాబట్టి డేటా స్ట్రక్చర్లు, ఆపరేటింగ్ సిస్టమ్స్ మాత్రం వదలొద్దు. క్యాంపస్ పరీక్షల్లో అవీ అడుగుతారు.

ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టులకు కొత్తవాళ్లతో కోడ్ రాయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచి నడుస్తోంది, పద్దెనిమిదేళ్లు నిండిన కొత్తవాళ్లు అప్లై చేయవచ్చు. దానికి ముందే ఏదైనా చిన్న ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టును కావాలనే పేరులో స్పేస్ ఉన్న ఫోల్డర్‌లో పెట్టి బిల్డ్ చేసి చూడండి. ఆగిపోతే, ఎక్కడ ఎందుకు ఆగిందో రాసి, సవరణతో కలిపి పంపండి. రెజ్యూమెలో ‘మేక్, సీమేక్ వచ్చు’ అనే మాట బదులు ఆ సవరణ లింకు పెట్టండి.