మిగిలిన మాత్రలు కోళ్లకి వేయొచ్చా?

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, మాది పాడేరు అవతల కొండ మీది ఊరు. మందుల షాపు 12 కిలోమీటర్లు. అందుకని విశాఖ వచ్చినప్పుడల్లా రెండు మూడు అమాక్సిసిలిన్ స్ట్రిప్పులు కొని ఇంట్లో ఉంచుతాను. మా మూడేళ్ల పాపకి జలుబు చేస్తే రెండు రోజులు వేసి ఆపేస్తాను. మొన్న కోళ్లు మెడలు తిప్పేసుకుని, ఆకుపచ్చగా రెట్ట వేస్తుంటే మాత్రలు నూరి నీళ్లలో కలిపి పెట్టాను. అయినా 9 కోళ్లు పోయాయి. డేటు దాటిన మాత్రలు గెడ్డలో (వాగులో) పారేశాను. తప్పు చేశానా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీ భయం నాకు తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాలుగేళ్లు ఏజెన్సీలోనే ఉన్నాను. వానాకాలం గెడ్డ పొంగితే అవతలి ఊళ్ల నుంచి రెండేసి రోజులు ఎవరూ రాలేకపోయేవారు. మందు చేతిలో ఉండాలనుకోవడం తప్పు కాదు. కానీ దాచుకోవాల్సిన మందు ఇది కాదు.

జలుబు వైరస్ వల్ల వస్తుంది. అమాక్సిసిలిన్ యాంటీబయోటిక్, అది బ్యాక్టీరియా మీదే పనిచేస్తుంది. మాత్ర వేసినా, వేయకపోయినా జలుబు తగ్గిపోతుంది. పాప ఒంట్లోని బ్యాక్టీరియాలో మాత్రం మందుకి లొంగేవి చచ్చి, తట్టుకునేవి మిగులుతాయి. రేపు నిజంగా నిమోనియా వస్తే మేం మొదట రాసేది ఈ అమాక్సిసిలినే. అప్పుడది పనిచేయకపోతే ఎలా? నా బాధంతా అదే.

ఇక కోళ్ల సంగతి. మీరు చెప్పిన లక్షణాలు కొక్కెర తెగులులో (రాణిఖేత్ జబ్బులో) కనిపిస్తాయి. అదీ వైరస్సే. మేకల పారుడు రోగమూ అంతే. వీటికి ముందుగా టీకా వేయించడమే దారి. పశువులకి, కోళ్లకి జబ్బు చేస్తే 1962కి ఫోన్ చేయండి. ఆవుకి యాంటీబయోటిక్ ఇంజెక్షన్ వేస్తే, ఎన్నాళ్లు ఆ పాలు వాడకూడదో అడిగి తెలుసుకోండి.

ఇక గెడ్డ. పశువులు దిగేదీ, మీరు బిందె ముంచేదీ ఆ నీళ్లలోనే కదా. మాత్రలు కరిగితే ఆ నీళ్లలోని బ్యాక్టీరియాలోనూ మందుని తట్టుకునేవే మిగలొచ్చు. ఆ తట్టుకునే గుణాన్ని ఒక బ్యాక్టీరియా ఇంకోదానికి అందించగలదు. కోడిలోదా, మనిషిలోదా అని చూడదు. పాత మాత్రల్ని పి.హెచ్.సి.లో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) ఇచ్చేయండి, అక్కడ వాటికి వేరే పసుపు సంచి ఉంటుంది. స్ట్రిప్పు మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే డాక్టరు రాయనిదే కొనకండి. రాస్తే, చెప్పినన్ని రోజులూ వాడండి.

ఇంట్లో ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు, పాప బరువుకి సరిపడా పారాసిటమాల్ సిరప్, ఒక థర్మామీటరు ఉంచుకోండి. జలుబు, దగ్గు ఉన్నప్పుడు పాప ఏడవకుండా ఉన్న సమయం చూసి, చొక్కా ఎత్తి, నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. 40 లేదా అంతకు మించితే, డొక్కలు లోపలికి లాక్కుంటుంటే, తాగలేకపోతే, రాత్రయినా సరే బయల్దేరండి.