నాలుక మీద నీలి గడ్డ... వెంటనే కోయించుకోవాలా?

ప్రశ్న: నా వయసు 32 ఏళ్లు. నాలుక కుడి అంచున చిన్నప్పటి నుంచి మెత్తటి నీలిరంగు గడ్డ ఉంది. నొప్పి లేదు. ఈ ఏడాది కాస్త పెరిగింది, కిందికి వంగితే ఉబ్బుతోంది. రెండుసార్లు పంటి కింద పడి రక్తం వచ్చింది. ఇది క్యాన్సరా? తెలిసినవాళ్లు వెంటనే కోయించుకోమంటున్నారు.

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది క్యాన్సర్ కాకపోవచ్చు. చిన్నతనం నుంచీ ఉంటూ, తల వంచినప్పుడు రక్తం నిండి ఉబ్బే నీలి గడ్డ చాలావరకు సిరల నిర్మాణంలో పుట్టుకతో ఏర్పడిన లోపమే. దీన్ని వీనస్ మాల్‌ఫార్మేషన్ అంటారు. రిపోర్టుల్లో దీన్ని కూడా హెమాంజియోమా (రక్తనాళాల కణాలు పెరిగి ఏర్పడే గడ్డ) అని రాసేయడం వల్ల చికిత్స దారి తప్పుతుంటుంది. పసిపిల్లల్లో వచ్చే అసలైన హెమాంజియోమా పుట్టిన కొద్ది వారాలకు కనిపించి, తొలి నెలల్లో వేగంగా పెరిగి, ఏడాది దాటాక నెమ్మదిగా కుంచించుకుపోతుంది. 2008లో ఫ్రాన్స్ వైద్యులు గుర్తించినట్లు, అది ప్రొప్రనొలాల్ మందుకు లొంగుతుంది కూడా. మీ గడ్డ మాత్రం దానంతటది తగ్గేది కాదు, ఆ మందు దీని మీద పనిచేయదు.

దయచేసి ముందుగా కోతకు గానీ, ముక్క పరీక్షకు (బయాప్సీకి) గానీ ఒప్పుకోకండి. నాలుకకు రక్తప్రసరణ ఎక్కువ కాబట్టి, లోపల ఎంత మేరకు పాకిందో తెలియకుండా కోస్తే రక్తస్రావాన్ని ఆపడం కష్టమవుతుంది. నోరు, దవడల సర్జన్ దాన్ని గాజు పలకతో మెల్లగా నొక్కి చూస్తారు. రంగు వెలిసి, వదలగానే మళ్లీ నిండితే అది రక్తనాళాల గడ్డ అనుకోవచ్చు. చేతికి నాడిలా కొట్టుకుంటున్నట్లు తగిలితే ధమనులకూ సంబంధం ఉందేమో చూడాలి, అప్పుడు చికిత్స పూర్తిగా వేరు. డాప్లర్ స్కానింగ్‌లో రక్తం ప్రవహించే వేగం, ఎంఆర్ఐలో గడ్డ లోతు తెలుస్తాయి.

సిరల గడ్డే అని తేలితే, సోడియం టెట్రాడెసిల్ సల్ఫేట్ లేదా పోలిడోకనాల్ వంటి మందును అందులోకి ఎక్కించి నాళాలు మూసుకుపోయేలా చేసే స్క్లెరోథెరపీని నేను ముందుగా ఆలోచిస్తాను. తరచూ ఒకటి కంటే ఎక్కువ విడతలు అవసరమవుతాయి. ఇంజెక్షన్ తరువాత కొన్ని రోజులు నాలుక బాగా వాచి, ఊపిరికి అడ్డుపడే ప్రమాదం ఉంటుంది కనుక దీన్ని ఆసుపత్రిలోనే చేయించుకోవాలి. చిన్న గడ్డకు లేజర్ గానీ, శస్త్రచికిత్స గానీ సరిపోవచ్చు.

ఈలోగా, పంటి అంచు పదునుగా ఉంటే దంతవైద్యుడి దగ్గర అరగదీయించుకోండి. రక్తం వస్తే శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకోండి. అప్పటికీ ఆగకపోయినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. గడ్డ గట్టిపడినా, 2 వారాలైనా మానని పుండు పడినా, ముఖ్యంగా గుట్కా, ఖైనీ అలవాటు ఉంటే, ఆ విషయం డాక్టరుకు తప్పక చెప్పండి. అప్పుడు స్కానింగ్ చూసుకుని, తగిన జాగ్రత్తలతో ముక్క పరీక్ష చేయాల్సి ఉంటుంది.